ముగ్గురం మూడు చోట్ల ఉన్నాం, కలిసి ఆడటానికి ఏ గేమ్ పెట్టుకోవాలి?

కాంటాబాబు (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. నేను ఇక్కడ ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర కూర్చుంటాను. ధాన్యంతో వచ్చినప్పుడు లారీ బరువు ఒకటి, దించి పోయేటప్పుడు ఇంకొకటి, మధ్యలో తేడా రాసి చీటీ ఇవ్వడం నా పని. యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ వానాకాలం వడ్లు వచ్చే నవంబరు, డిసెంబరులో తిండికి కూడా లేవలేను. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిది దాటితే ఖాళీయే.

సంగతేమిటంటే, నేను, మా తమ్ముడు, చిన్నప్పటి దోస్తు ఒకడు, ముగ్గురం రోజూ పబ్జీ ఆడేవాళ్లం. 2020 సెప్టెంబరులో అది బ్యాన్ అయ్యాక ఎవరి దారి వాళ్లదైంది. ఇప్పుడు దోస్తు కూకట్‌పల్లిలో, తమ్ముడు డల్లాస్‌లో ఎమ్మెస్. వీడియో కాల్ చేస్తే "తిన్నవా? ఏం కూర?" దగ్గరే ముచ్చట ఆగిపోతుంది. ఏదైనా కలిసి చేస్తే మాటలు వాటంతట అవే వస్తాయని, పెద్ద ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే తలా ఒక పాత్ర తీసుకుని ఒకే లోకంలో చాలామందితో కలిసి ఆడేది, ఒకటి మొదలుపెడదామని అనుకున్నాం.

తమ్ముడేమో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అంటాడు. దోస్తు ఫైనల్ ఫాంటసీ 14 అంటాడు. నేను నా లాప్‌టాప్ ఏది మోస్తే అది అంటాను. ఎనిమిదో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, ఖాళీ జాగా 90 జీబీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గ్రాఫిక్స్ కార్డు ఉందని చెప్పి అమ్మారు, ఇంటికొచ్చి చూస్తే కార్డు లేదు, స్టిక్కర్ ఉంది. నెట్ ఫైబరే, బాగానే వస్తుంది, కరెంటే నమ్మకం లేదు. నెలకు మూడు నాలుగు వందలు దాటి పెట్టలేను.

ఇంకో మాట. మా నాన్నకు "ఆన్‌లైన్ గేమ్" అని చెప్పగానే "రమ్మీయా?" అన్నారు. అది మన రాష్ట్రంలో 2017లోనే బంద్ అయిందని, ఇది వేరని చెప్పడానికి అరగంట పట్టింది. కాబట్టి పైసలు పెట్టి పైసలు పోగొట్టుకునేది మాత్రం చెప్పకండి.

రాత్రి షిఫ్ట్

వార్‌క్రాఫ్ట్. ఇంకో ఆలోచన వద్దు. 2004 నుంచి నడుస్తోంది, ఊరికే నడుస్తుందా? లెవెల్ 20 వరకు ఫ్రీ. ఆడి చూడు, నువ్వే కడతావు.

పాలమూరు పాతకాపు (జడ్చర్ల)

తమ్ముడూ, పైన అన్న చెప్పింది అబద్ధం కాదు. కానీ నీ సంగతి వేరు. నేను జడ్చర్లలో జిరాక్స్ షాపు పెట్టక ముందు హైదరాబాద్‌లో ఏడేళ్లు నైట్ డ్యూటీ చేశాను. ఈ గేములన్నిటిలో కాలు పెట్టి వచ్చినవాణ్ణి, జర ఓపిగ్గా చదువు.

ముందు సర్వర్, అంటే గేమ్‌ను నడిపే కంప్యూటర్, ఎక్కడుందో చూడు, గేమ్ తర్వాత. నువ్వు కత్తి ఎత్తితే ఆ కబురు సర్వర్ దాకా పోయి "తగిలింది" అని తిరిగి రావాలి. నువ్వు అడిగిన వాటిలో దేనికీ మన దేశంలో సర్వర్ లేదు. అలా పోయి వచ్చే టైమే పింగ్, మిల్లీసెకండ్లలో చెప్తారు. మా షాపు నుంచి సింగపూర్‌కు పింగ్ డెబ్బై, యూరప్‌కు నూట అరవై, అమెరికాకు రెండు వందల యాభై దాకా వస్తుంది. నీ తమ్ముడికి దీనికి సరిగ్గా ఉల్టా. సింగపూర్ తీసుకుంటే మీ ఇద్దరికీ సుఖం, అతనికి నరకం. అమెరికా తీసుకుంటే అతనికి పండగ, మీకు ఏడుపు. నడిమిట్ల ఉన్నది యూరప్. ముగ్గురూ తలా కొంచెం బాధ పంచుకోవచ్చు.

వార్‌క్రాఫ్ట్ నేను 2009లో మొదలుపెట్టాను, లిచ్ కింగ్ అనే అదనపు భాగం నడిచిన రోజుల్లో, యూరప్ సర్వర్‌లో. అంత గొప్ప గేమ్ నేను మళ్లీ ఆడలేదు, ఇది ఒట్టు. కానీ అక్కడి గిల్డు, అంటే మా జట్టు, వాళ్లు రెయిడ్, అంటే గుంపుగా పెద్ద రాక్షసుడి మీదికి పోవడం, రాత్రి ఎనిమిదికి పెట్టేవాళ్లు. వాళ్ల ఎనిమిది అంటే చలికాలంలో మనకు పన్నెండున్నర. ఎండాకాలం వాళ్లు గడియారం ముందుకు తిప్పుకుంటారు కాబట్టి పదకొండున్నర. నేను ట్యాంకు, అంటే రాక్షసుడి ముందు నిలబడి దెబ్బలు తినేవాణ్ణి. ఇరవై ఐదు మంది రెయిడ్. ఒక రాత్రి సరిగ్గా వాడి చివరి ప్రాణం మీదున్నప్పుడు మా రూములో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చి లాగిన్ అయితే ఇరవై నాలుగు మంది చచ్చి ఉన్నారు. ఒక్కడు కూడా తిట్టలేదు. వచ్చే వారం నా జాగాలో వేరేవాడు ఉన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

పైసల సంగతి: నెలకు 14.99 డాలర్లు. మన డబ్బుల్లో వెయ్యి దాటిపోతుంది. నువ్వు ఏప్రిల్‌లో కాంటా దగ్గర కూర్చున్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. పైగా అమెరికా ఖాతా వేరు, యూరప్ ఖాతా వేరు, ఒక చోట కట్టింది ఇంకో చోట చెల్లదు. ఖాళీ జాగా వంద జీబీ పైనే అడుగుతుంది. నీకున్నదే తొంభై.

ఆల్బియన్ అని ఒకటుంది. ఫ్రీ, ఫోన్‌లోనూ ఆడొచ్చు, ఆసియా సర్వర్ ఉంది. కత్తి, చొక్కా, సంచి అన్నీ ఆటగాళ్లు తయారు చేసి అమ్ముకునేవే, అచ్చం అంగడి. మ్యాప్‌లో నీలం, పసుపు రంగు జాగాల్లో భయం లేదు. ఎర్ర జాగాలో మాత్రం ఎవడైనా చంపి ఒంటి మీదున్నదంతా దోచుకోవచ్చు. మూడు రోజులు కట్టెలు కొట్టి, ఎద్దు మీద వేసుకుని, దగ్గరి దారి కదా అని ఎర్ర జాగాలోంచి పోయాను. చెట్టు చాటు నుంచి ఇద్దరు దిగారు. ఎద్దు పాయె, కట్టెలు పాయె, చెప్పులు కూడా పాయె. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. నాన్నకు "పైసలు పోయేది కాదు" అని చెప్పి ఉన్నావు కదా, నీకు ఇది వద్దు.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ నీ లాప్‌టాప్ మీద నిద్రపోతూ నడుస్తుంది. ఫోన్‌లో కూడా అదే ఖాతా. దాని గుండె 0.6 సెకండ్లకు ఒకసారి కొట్టుకుంటుంది, ఏ పని చేసినా ఆ లెక్కకే జరుగుతుంది. అందుకే పింగ్ రెండు వందలున్నా పెద్దగా తెలియదు. కానీ ఓపిక కావాలి. ఒక పనిలో లెవెల్ 99కి 1,30,34,431 పాయింట్లు. 92కి వచ్చావంటే సరిగ్గా సగం దూరం వచ్చినట్టు. లారీలు లైన్లో ఉన్నప్పుడు చేపలు పట్టుకోవడానికి బాగుంటుంది. ముగ్గురు కలిసి కొట్లాడటానికి నాకైతే అంత నచ్చలేదు.

న్యూ వరల్డ్ ఎవరైనా చెప్తే వినకు. కొత్తగా ఇంకేమీ చేయమని అమెజాన్ వాళ్లే 2025 అక్టోబరులో చెప్పేశారు.

నా మాట: గిల్డ్ వార్స్ 2. 2012లో వచ్చింది, 2015 నుంచి అసలు గేమ్ ఫ్రీ. నెల కిరాయి లేదు. డెబ్బై జీబీలో సర్దుకుంటుంది, సెట్టింగులు తగ్గిస్తే నీ లాప్‌టాప్ లాగుతుంది. అసలు కారణం ఇది కాదు. వచ్చిన రోజు పైలెవెల్ 80, ఇప్పటికీ 80. నువ్వు రెండు నెలలు వడ్లు తూచుకుని వస్తే నీ సామాను పాతబడి ఉండదు. ఈలోపు నీ తమ్ముడు 80కి పోయినా, చిన్న లెవెల్ జాగాలోకి వస్తే గేమే అతని లెవెల్ కిందకు దించుతుంది, నీతో సమానంగా కొడతాడు. వేరేవాడు కొట్టిన దానికి నువ్వో దెబ్బ వేసినా నీ వాటా నీకే, వాడి వాటా వాడికే. ఇంకే గేమ్‌లోనైనా నెల రోజులు పోయి వస్తే చుట్టంలా నిలబడాలి, ఇక్కడ ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

బత్తాయి రసం (నల్గొండ)

పాతకాపు అన్నా, మీరు ఫైనల్ ఫాంటసీ పేరే ఎత్తలేదు, ఇది అన్యాయం. నేను నాలుగేళ్లుగా ఆడుతున్నాను.

కాంటాబాబు అన్నా, దీని ఫ్రీ ట్రయల్ అంత పెద్దది ఇంకెక్కడా లేదు. లెవెల్ 70 వరకు, హెవెన్స్‌వార్డ్, స్టార్మ్‌బ్లడ్ అనే అదనపు భాగాలు రెండూ కలిపి, రోజుల గడువు లేకుండా. ఒకే పాత్రతో అన్ని పనులూ నేర్చుకోవచ్చు. ఈ గేమ్ మొదట 2010లో వచ్చి ఘోరంగా ఫెయిలైంది. యోషిదా నావోకి అనే ఆయన చేతికి ఇస్తే, మరమ్మతు చేయలేదు, ఆటలోనే ఆకాశం నుంచి చిన్న చంద్రుణ్ణి పడేసి ఆ లోకాన్ని కూల్చేశాడు. 2013 ఆగస్టులో మళ్లీ మొదటి నుంచి కట్టారు. తప్పు ఒప్పుకుని ఇంత పని చేసిన కంపెనీ నాకు తెలిసి ఇంకోటి లేదు.

మనుషులు కూడా మర్యాదస్థులు. వేరే గేముల్లో నా గొంతు వినగానే మొదలయ్యే చెత్త ఇక్కడ నాకు ఎదురు కాలేదు. ఒక్కసారి మాత్రం ఒకాయన నాకు పదిహేను నిమిషాలు గుర్రం, అంటే చోకోబో అనే పెద్ద కోడి, మీద ఎలా ఎక్కాలో నేర్పించాడు. అప్పటికి నాకు అది మూడేళ్లుగా ఉంది.

అయితే మీ ముగ్గురికి ఇదే అని చెప్పలేను. ట్రయల్ ఖాతాతో పార్టీ, అంటే కలిసి ఆడే జట్టు, మనం కట్టలేం, ఎవరైనా పిలిస్తే చేరగలం. అంటే ఒకరు కొనాలి. కొన్నాక మళ్లీ ట్రయల్‌కు వెనక్కి రాలేరు. స్టీమ్ అనే గేముల ఆన్‌లైన్ షాపులో కొంటే తర్వాతవన్నీ స్టీమ్‌లోనే కొనాలి, ఇది మా అన్నయ్య తప్పు చేసి నేర్చుకున్నది. ఇంకోటి, ఇది కథ. కథ ఘట్టాలు ఎవరివి వారే చూడాలి. మీరు ముగ్గురు మాట్లాడుకోవాలనుకుంటున్నారు, ఇదేమో నోరు మూసుకుని చూడమంటుంది. జాగా కూడా మీకు చాలదు.

మీ దోస్తు ఒక్కడూ ఆడాలనుకుంటే మాత్రం వెంటనే మొదలుపెట్టమనండి. ఏడ్చే చోట ఏడ్వమనండి.

కాంటాబాబు

పాతకాపు అన్నా, యూరప్ మాట తమ్ముడికి చెప్తే "అన్నయ్యా, నేనెందుకు యూరప్?" అన్నాడు. నడిమిట్ల లెక్క చెప్తే ఒప్పుకున్నాడు. గిల్డ్ వార్స్‌లో యూరప్ ఎంచుకోవడం ఎక్కడ? ఫ్రీ ఖాతాలో మాటలు పంపడానికి ఇబ్బందులున్నాయని విన్నాను.

పాలమూరు పాతకాపు

మొదట్లోనే సర్వర్ ఏ ప్రాంతమో అడుగుతుంది, ముగ్గురూ యూరపే పెట్టండి. ఫ్రీ ఖాతాకు చాటింగ్‌లో, అమ్మకాల్లో కట్టడి ఉంది నిజమే, కొత్త ఖాతాలతో గేమ్‌లోని బంగారం అమ్ముకునే దొంగల వల్ల. మీకెందుకు, ఫోన్‌లో గ్రూప్ కాల్ పెట్టుకోండి.

మనిషి పాత్ర తీసుకుంటే క్వీన్స్‌డేల్ అనే చోట మొదలవుతారు. అక్కడి బురద మడుగులోకి రెండు గంటలకోసారి షాడో బెహెమత్ అనే నల్ల రాక్షసుడు వస్తాడు, మన టైం రాత్రి 9:15కు ఒకసారి. ఆదివారం ఆ టైంకు డల్లాస్‌లో పొద్దున పది, పదకొండు అవుతుంది, నీ తమ్ముడు లేచే ఉంటాడు. దానితో మొదలుపెట్టండి. ముందు పోర్టళ్లు, అంటే అక్కడ తెరుచుకునే మాయ ద్వారాలు, మూయాలి, తర్వాతే వాడు లేస్తాడు.

రాత్రి షిఫ్ట్

అయినా వార్‌క్రాఫ్టే.

కాంటాబాబు

మూడు వారాలైంది, చెప్పి పోదామని వచ్చాను.

మొదటి ఆదివారం డౌన్‌లోడ్ అయ్యేసరికే పదకొండున్నర, ఆడలేదు. రెండో ఆదివారం తొమ్మిదికే మడుగు దగ్గర చేరాం. ఎక్కడెక్కడి నుంచో ముప్పై నలభై మంది వచ్చి ఉన్నారు, నా లాప్‌టాప్ ఫ్యాను మిల్లులో హల్లర్‌లా మోగింది. వాణ్ణి సగం కొట్టామో లేదో కరెంటు పోయింది. పాతకాపు అన్న ట్యాంకు కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది. వచ్చేసరికి పదినిమిషాలు. రాక్షసుడు చచ్చాడు, అందరూ వెళ్లిపోయారు. మడుగులో మావాళ్లిద్దరే నిలబడి ఉన్నారు. ఖాళీగా ఎందుకని కప్పల్ని కొడుతూ తమ్ముడు కూకట్‌పల్లి వాణ్ణి అడుగుతున్నాడు, "ఒరేయ్, పచ్చిపులుసు ఎట్ల చేస్తరు రా? నాకు చింతపండు పులుపే వస్తుంది, ఆ వాసన రావట్లేదు" అని. వాడు "ఉల్లిగడ్డ వేసినవా?" అంటున్నాడు, వాడికీ తెలియదు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్క గదిలోంచి అమ్మ వచ్చి నా భుజం మీదుగా వంగి, "మిరపకాయలు నిప్పుల మీద కాల్చినవా, నూనెల వేసినవా?" అంది. నూనెలో అట, అక్కడ నిప్పులు ఎక్కడివి అన్నాడు. "మరి అదే. ఆ గ్యాసు మంట మీదనన్న పెట్టు, నల్లగ కావాలె, చేత్తోనే పిసుకు" అని చెప్పి, నా స్క్రీన్ చూసి, "వీళ్లల్ల మనోడు ఎవడు?" అని అడిగింది. ఎర్ర టోపీ పెట్టుకున్నవాణ్ణి చూపించాను.

నిన్న ఆదివారం తొమ్మిదికి నేనింకా చేతులు కడుక్కుంటుంటే, అమ్మే వచ్చి గుర్తు చేసింది, టోపీవాడు వచ్చి నిలబడ్డాడని.