మత్తడి మీద ఇసుక బస్తాలు వేసి ఇంకో అడుగు నీళ్లు ఆపొచ్చా? కట్ట కింద తడి కూడా కనిపిస్తోంది

జనగామ_రైతు:
మాది జనగామ వైపు చిన్న ఊరు. చెరువు నిండితే నీళ్లు అరవై ఎకరాల దాకా పరుచుకుంటాయి. ఈసారి వానలు దంచికొట్టి మత్తడి (చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పొర్లే చోటు) దూకుతోంది. ఇప్పుడు ఊళ్లో కొందరు మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నీళ్లు ఆపుదాం, యాసంగికి ఢోకా ఉండదు అంటున్నారు. మా నాన్న వద్దంటాడు, ఎందుకంటే మాత్రం "కట్ట పాతది" అనే తప్ప ఇంకో ముక్క చెప్పడు. ఇంకోటి, తూముకు ఎడమ పక్కన కట్ట దిగువన ఒక మంచం పట్టేంత మేర నేల ఎప్పుడూ తడిగానే ఉంటోంది, గడ్డి అక్కడొక్కచోటే ఏపుగా పెరిగింది, నిలబడితే మడమ దిగబడుతోంది. ఇది మామూలేనా? అసలు అందరికీ బోర్లు ఉన్నప్పుడు చెరువు కోసం ఇంత టెన్షన్ ఎందుకని మా తమ్ముడి వాదన, దానికీ ఎవరైనా జవాబు చెప్పండి.

రిటైర్డ్_ఏఈ:
బస్తాలు వద్దు. మీ నాన్నగారు చెప్పిందే నిజం.

అరవై ఎకరాల మీద అడుగు నీళ్లంటే దాదాపు 26 లక్షల ఘనపుటడుగులు, లీటర్లలో ఏడు కోట్ల పైమాట, కాబట్టి ఆశ పుట్టడంలో తప్పు లేదు. కానీ మత్తడికీ కట్ట నెత్తికీ మధ్య ఉన్న ఎత్తు ఖాళీగా ఉంది కదా అని వాడుకునేది కాదు. రాత్రికి రాత్రి పెద్ద వాన పడితే వచ్చే వరదా, గాలికి లేచే అలలూ అన్నీ ఆ ఎత్తులోనే ఇమడాలి. మత్తడి మీద మూడడుగుల మందంతో పారాల్సిన నీళ్లు మీ బస్తాల వల్ల రెండడుగులే పారాయనుకోండి, బయటికి పోయే నీళ్లు మూడో వంతు తగ్గుతాయని అనుకుంటారు, నిజానికి దాదాపు సగం తగ్గుతాయి. మిగతావి ఎటు పోతాయి? కట్ట మీద నుంచే. మట్టికట్ట నీళ్లను ఆపగలదు గానీ నెత్తి మీద నుంచి పొర్లితే తట్టుకోలేదు, దిగువ వాలు కోసుకుపోతూ కాసేపట్లో గండి పడుతుంది. కడప జిల్లా అన్నమయ్య ప్రాజెక్టులో 2021 నవంబర్ 19న జరిగిందదే. గేట్లు వదలగలిగిన దానికంటే చెయ్యేరు వరద ఎక్కువైంది, కాంక్రీటు స్పిల్‌వే (గేట్లున్న భాగం) నిలబడింది, పక్కనున్న మట్టికట్ట కొట్టుకుపోయింది. మీ చెరువుతో పోలిస్తే అది చాలా పెద్దది, అయినా మట్టి మట్టే.

తడి గురించి: మట్టికట్ట అన్నాక కాస్త ఊట ఉంటుంది, దానికే భయపడక్కర్లేదు. చిన్న గుంట తీసి, నీళ్లు తేరుకున్నాక, ఊరుతున్న చోటు నుంచి గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే రోజూ ఒక కన్నేసి ఉంచండి. బురదగా వస్తే, గ్లాసు అడుగున మన్ను పేరుకుంటే, కట్ట లోపలి మట్టిని నీళ్లు బయటికి మోసుకొస్తున్నట్టు, బుంగ పడుతోందన్నమాట. తూము పక్కన అన్నారు కాబట్టి నాకు ఇంకాస్త అనుమానం, ఎందుకంటే రాయికీ మట్టికీ అతుకు ఉన్న చోటే నీళ్లు దారి వెతుక్కుంటాయి.

చేపలసంఘం:
సార్ మరీ భయపెడుతున్నారు. మా దగ్గర ఏటా దసరా అయ్యాక బస్తాలు వేస్తాం, ఇప్పటిదాకా ఏం కాలేదు. నీళ్లు ఉంటేనే చేప బరువొస్తుంది.

రిటైర్డ్_ఏఈ:
పైన నేను చెప్పింది నవంబర్ సంగతే. తుపానుకు దసరాతో పని లేదు. పనిలో పనిగా అడుగుతున్నా, చేపలు పోకుండా మత్తడికి అడ్డంగా వల కడతారా? దాంట్లో తుంగా, గుర్రపుడెక్కా చిక్కుకుంటే అది బస్తాల కంటే గట్టి అడ్డం. వరద రోజున తీసేయాలి, చేప పోతే పోనీ.

చేపలసంఘం:
కడతాం. పెద్ద వానొస్తే తీస్తాం లెండి.

తిరుపతి_వాసి:
తమ్ముడి ప్రశ్నకు నా జవాబు: చెరువు ఎండిన రెండేళ్లలో ఆ బోర్లు ఏ లోతుకు దిగాయో ఆయన్నే అడగండి. చెరువులో నీళ్లు ఇంకితేనే కదా కింద బావులూ బోర్లూ బతికేది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకుంది ఊరికే కాదు.

భయం సంగతికొస్తే, అదే 2021 నవంబర్‌లో మా రాయలచెరువు కట్టకు లీకు పడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలతో కట్టను బలపరిచి నిలబెట్టారు, అంటే బస్తాలు వేయాల్సింది కట్టకు, మొరవకు (మీరనే మత్తడికి) కాదు! ఇంకో సంగతి, 2021లో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకూ, 10 మీటర్లు దాటిన వాటిలో కొన్నింటికీ మాత్రమే. మన ఊరి చెరువులు చాలావరకు ఆ లెక్కలోకే రావు, కాబట్టి ఎవరో వచ్చి చూస్తారని కూర్చోవద్దు. పూర్వం వడ్ల గింజలు కొలిచి, చెరువును కనిపెట్టుకుని ఉండే నీరటిని పెట్టుకున్నది ఇందుకే.

జనగామ_రైతు:
థాంక్స్ అండీ. పొద్దున గ్లాసులో పట్టి చూశాం, ప్రస్తుతానికి తేటగానే ఉంది. అంచనాగా బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో కూడా రాసిపెట్టాం. బస్తాల మాట పంచాయతీలో మళ్లీ తీస్తారు, ఆ సగం లెక్క అక్కడ చెప్తాను. రెండు డౌట్లు మిగిలాయి. ఒకవేళ బురద నీళ్లొస్తే వెంటనే మట్టి పోసి మూసేయాలా? కట్ట మీద సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది, ఇప్పుడే జేసీబీతో పీకించేద్దామా?

రిటైర్డ్_ఏఈ:
దిగువన మట్టితో మూయకండి, మూస్తే పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర పరిస్తే నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. ఆ బురద ఊట పెరుగుతూ ఉంటే మాత్రం ఇరిగేషన్ వాళ్లకు ఫోన్ చేసి, దిగువ ఇళ్లవాళ్లను ముందు లేపండి. తూము తెరిచి నీళ్లు తగ్గించడం మంచిదే, కానీ ఒక్కసారిగా దించితే లోపలి వాలు తడి బరువుకు జారిపోతుంది, నిదానంగా దించాలి.

తుమ్మను నిండు చెరువు ఉండగా పీకించొద్దు. వేరుతో లేస్తే ఆ గుంత కట్టకు కన్నమే. ఇప్పుడు మొదలు దాకా కొట్టించి వదిలేయండి, నడవడానికి దారైనా ఏర్పడుతుంది, ఎక్కడ ఊరుతోందో కనిపిస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గాక వేళ్లు తవ్వి తీసి, గుంతల్లో బంకమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టించండి. చెరువులో తీసిన ఒండ్రు వేసి సరిపెడతామంటే ఒప్పుకోకండి, అది పొలానికి పనికొస్తుంది, కట్టకు కాదు.