కొరియన్ సన్‌స్క్రీన్లలో మన చర్మానికి ఏది నప్పుతుంది?

ప్రశ్న: మైత్రేయి, సువాన్

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉంటున్నాను. ఇక్కడి ఆలివ్ యంగ్ దుకాణానికి వెళితే దాదాపు ప్రతి సన్‌స్క్రీన్ ట్యూబు మీదా ఎస్‌పీఎఫ్ 50+, పీఏ++++ అనే ఉంటోంది. అన్నీ ఒకటే అయితే ధరలో, పేరులో, రకంలో ఇంత తేడా ఎందుకో, వాటిలో నాకు ఏది సరిపడుతుందో తేల్చుకోలేకపోతున్నాను.

నాది చామనఛాయ. మధ్యాహ్నానికల్లా నుదురు, ముక్కు జిడ్డు తేలతాయి, కానీ చలికాలం వచ్చిందంటే బుగ్గలు బిగుసుకుపోయి పొట్టు లేస్తాయి. మొటిమలు తగ్గినా వాటి మచ్చలు నెలల తరబడి పోవు. సహోద్యోగిని ఒకరు ఎంతో మెచ్చుకుని ఇచ్చిన ‘టోన్ అప్’ క్రీము రాసుకుంటే ముఖం బూడిద పూసినట్టు కనిపించింది. వేసవికి, చలికాలానికి వేర్వేరుగా కొనాలా? గుంటూరులో ఉన్న మా అమ్మగారికి బుగ్గల మీద మంగు ఉంది. ఆవిడకు కూడా ఇక్కడి నుంచి ఒకటి పంపవచ్చా? దయచేసి చెప్పగలరు.

జవాబు: శ్రావణ్, సియోల్ (సౌందర్య సాధనాల రసాయన శాస్త్రంలో పరిశోధన విద్యార్థి)

మైత్రేయి గారూ, ముందుగా ఆ అంకెలను పక్కన పెట్టండి. కొరియాలో సన్‌స్క్రీన్‌ను ప్రత్యేక ప్రయోజనం గల సౌందర్య సాధనంగా పరిగణించి, ఆహార ఔషధ భద్రతా మంత్రిత్వ శాఖ నియంత్రిస్తుంది. ఎస్‌పీఎఫ్ 50 దాటితే ఎంత దాటినా లేబుల్ మీద 50+ అనే వేయాలి. అందుకే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చర్మాన్ని కందజేసే యూవీబీ కిరణాలలో ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. పీఏ గుర్తు యూవీఏ కిరణాలకు సంబంధించినది. కిటికీ అద్దంలోంచి కూడా లోపలికి వచ్చేవి, మచ్చలను ముదిరేలా చేసేవి ఇవే కాబట్టి, మీ విషయంలో నాలుగు ప్లస్సులు ఉండడం ముఖ్యం. యూవీఏ రక్షణ విలువ 16 గాని అంతకు మించి గాని ఉంటేనే నాలుగు ప్లస్సులు వేస్తారు.

అసలు తేడా ఫిల్టర్లలోను (అంటే ఎండ కిరణాలను ఆపే పదార్థాలలోను), అవి కలిపిన క్రీము, జెల్ వంటి ఆధారంలోను ఉంటుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజ ఫిల్టర్లతో చేసినవాటిని ఇక్కడివారు ‘ముగిజాచా’ అంటారు, సేంద్రియ ఫిల్టర్లతో, అంటే కార్బన్ ఆధారిత రసాయనాలతో చేసినవాటిని ‘యుగిజాచా’ అంటారు, రెండూ కలిపినవి ‘హొన్‌హప్‌జాచా’. ఖనిజ కణాలు కనిపించే కాంతిని కూడా వెదజల్లుతాయి గనుక చర్మం మీద తెల్లని పొర మిగులుతుంది. తెల్లని ఛాయ మీద అది నిగారింపులా కనిపిస్తే చామనఛాయ మీద బూడిదగానో, కొన్నిసార్లు ఊదాగానో తేలుతుంది. ‘టోన్ అప్’ రకాల్లో ఆ తెలుపును కావాలనే పెంచుతారు. కాబట్టి మీ వెతుకులాట యుగిజాచా అరలోనే మొదలుపెట్టండి. పదార్థాల పట్టికలో డైఇథైలమినో హైడ్రాక్సీబెంజాయిల్ హెక్సిల్ బెంజోయేట్, ఇథైల్‌హెక్సిల్ ట్రయజోన్ వంటివి కనిపిస్తే (మొదటిది యూవీఏకు, రెండోది యూవీబీకి) అది సాధారణంగా తెల్లదనం లేని, తేలికైన రకమే అవుతుంది.

మీరు వర్ణించిన చర్మాన్ని కొరియన్లు ‘సుబుజి’ అంటారు. అంటే పైన జిడ్డు, లోపల నీటి కొరత. ఇటువంటివారు జిడ్డుకు భయపడి బాగా ఆరబెట్టే మ్యాట్ రకాన్ని కొంటారు, బుగ్గలు మరింత బిగుసుకుంటాయి, ఆ తరువాత దాని మీద చిక్కని క్రీము పూస్తే రెండూ కలిసి నలుగులా ఉండలు కట్టి రాలుతాయి. దానికంటే నీటి శాతం ఎక్కువగా ఉన్న ‘సన్ సీరం’, ‘వాటరీ జెల్’ రకాలు మీకు నయం. స్కిన్1004 వారి హయాలు సికా వాటర్ ఫిట్ సన్ సీరం, ఇస్‌న్‌ట్రీ వారి హయాలురానిక్ యాసిడ్ వాటరీ సన్ జెల్ ఈ కోవలోవే. బ్యూటీ ఆఫ్ జోసన్ వారి బియ్యపు సారం ఉన్న రిలీఫ్ సన్ కాస్త క్రీము స్వభావం గలది, మెరుపు మిగులుస్తుంది. చలికాలానికి అది గాని, రౌండ్ ల్యాబ్ వారి బర్చ్ జ్యూస్ సన్‌స్క్రీన్ గాని పనికివస్తాయి. జులైలో వానలు పట్టి గాలి చెమ్మగిల్లిన రోజుల్లో ఆ మెరుపే జిడ్డుగా అనిపిస్తుంది. అందుచేత రెండు కాలాలకు రెండు కొనడం వృథా ఖర్చేమీ కాదు.

దుకాణంలో టెస్టరును చేతి వెనక చుక్క పెట్టి చూస్తే ఏమీ తెలియదు. దవడ అంచున నిజంగా రాసుకునేంత మందంగా రాసి, తలుపు దాటి బయటి వెలుతురులోకి వెళ్లి, పావుగంట ఆగి అద్దంలో చూడండి. దుకాణం దీపాల కింద కనిపించని తెలుపు ఎండలో బయటపడుతుంది.

జవాబు: డా. వసుంధర, హైదరాబాద్ (చర్మవ్యాధుల వైద్యురాలు)

శ్రావణ్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే సున్నితమైన చర్మం ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. కొందరికి సేంద్రియ ఫిల్టర్ల వల్ల కళ్లు మండుతాయి, బుగ్గలు ఎర్రబడతాయి. అటువంటివారికి డాక్టర్ జీ వారి గ్రీన్ మైల్డ్ అప్ సన్ ప్లస్ వంటి ఖనిజ రకాలే క్షేమం, కొంత తెలుపును భరించవలసి వచ్చినా సరే. కాకపోతే ‘రసాయన’ సన్‌స్క్రీన్ అన్న మాట వినగానే హాని అనుకోవడం సరికాదు. నా అనుభవంలో చాలామందికి మంట పుట్టించేది ఫిల్టరు కాదు, అందులోని ఇథనాల్ అనే ఆల్కహాలో, సువాసన నూనెలో. నీళ్లలా జారే కొన్ని తేలిక రకాల్లో ఇథనాల్ పట్టిక మొదట్లోనే ఉంటుంది. జిడ్డు చర్మానికి అది ఇబ్బంది కాకపోవచ్చు గాని, పొడి చర్మానికి, రెటినాయిడ్లు (మొటిమలకు, మచ్చలకు రాసే విటమిన్ ఎ రకం మందులు) వాడుతున్నవారికి పడదు.

ఇక అమ్మగారి మంగు విషయం. మంగు ముదరడానికి అతినీలలోహిత కిరణాలతో పాటు కంటికి కనిపించే వెలుతురు కూడా కారణమవుతుంది. మనవంటి ఛాయలలో ఈ ప్రభావం మరీ ఎక్కువ. ఎస్‌పీఎఫ్ గాని, పీఏ గాని దీనిని కొలవవు. దీనిని అడ్డుకోవడానికి ఐరన్ ఆక్సైడ్లు కలిసిన రంగు సన్‌స్క్రీన్ కావాలి. కొరియాలో రంగు రకాలు దొరుకుతాయి గాని, అవి ఎక్కువగా అక్కడివారి 21, 23 నంబరు షేడ్లకు తగినట్టే చేసి ఉంటాయి. గుంటూరు ఎండలో ఆ లేత రంగు వేసుకుని బయటికి వెళ్లాలంటే ఆవిడకు మొహమాటంగా ఉంటుంది, రెండు రోజులు వాడి పక్కన పడేస్తారు. కాబట్టి పంపే ప్రయాస పడకుండా, అక్కడే చర్మ వైద్యులకు చూపించి, ఆవిడ ఛాయకు కలిసే రంగు సన్‌స్క్రీన్ మందుల దుకాణంలో తీసుకోమనండి. మంగుకు పైపూత మందులు కూడా అవసరం కావచ్చు, సన్‌స్క్రీన్ ఒక్కటే దానిని పోగొట్టదు.

మరొకటి, పరిమాణం. ఎస్‌పీఎఫ్‌ను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. ముఖానికి పావు టీస్పూను, అంటే సుమారు 1.25 మిల్లీలీటర్లు కావాలి. ఆ లెక్కన 50 మిల్లీలీటర్ల ట్యూబు 40 పూతలకు వస్తుంది. ఒకే ట్యూబు ఆరు నెలలుగా నడుస్తోందని సంతోషించేవారు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఎంత గొప్ప బ్రాండైనా వారికి చేసేదేమీ ఉండదు.

జవాబు: కార్తీక్, డాలస్

అమెరికాలో ఉన్న మనవారి కోసం ఒక చిన్న చేర్పు. ఇక్కడ సన్‌స్క్రీన్‌ను మందుగా పరిగణిస్తారు. శ్రావణ్ గారు పేర్కొన్న ఆ రెండు ఫిల్టర్లకూ ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. అందువల్ల అదే కొరియన్ బ్రాండు ఇక్కడి దుకాణాల కోసం వేరే ఫిల్టర్లతో తయారు చేయవలసి వస్తుంది. డబ్బా ఒకేలా ఉన్నా లోపలి క్రీము ఒకటి కాకపోవచ్చు, పట్టిక చదివి కొనండి. అలాగే 2020 డిసెంబరులో పేరున్న ఒక కొరియన్ సన్‌స్క్రీన్ 50+ అని రాసి ఉన్నప్పటికీ ఐరోపా ప్రయోగశాలల పరీక్షలో 20 లోపే తేలింది, కంపెనీ దాని అమ్మకం ఆపేసింది. కాబట్టి మరీ తేలికగా, ఏమీ రాసుకోనట్టే ఉందన్న పొగడ్త ఒక్కటే చూసి నేనైతే కొనను.

మైత్రేయి, సువాన్

అందరికీ ధన్యవాదాలు. డాక్టర్ గారూ, అమ్మకు ఈ వారమే వైద్యులను కలవమని చెబుతాను. శ్రావణ్ గారూ, ఇంకో రెండు సందేహాలు. ఆఫీసులో మధ్యాహ్నం మళ్లీ రాసుకోవడానికి స్టిక్ సరిపోతుందా? డబ్బా అడుగున ఉన్న తేదీ గడువు తేదీయేనా?

జవాబు: శ్రావణ్, సియోల్

స్టిక్ పైపూతగా బాగానే ఉంటుంది, ఉదయపు మొదటి పూతకు మాత్రం వాడకండి. ఒక్కసారి గీస్తే చాలా పలచని పొర పడుతుంది గనుక, ఒక్కో చోట మూడు నాలుగు సార్లు అటూ ఇటూ రాసి వేలితో సర్దాలి. ముందుగా టిష్యూతో జిడ్డు అద్దడం మరవకండి, లేకపోతే పాత పూతే స్టిక్‌తో లేచి వస్తుంది.

తేదీ పక్కన ఉన్న కొరియన్ మాట చూడండి. ‘జేజో’ అని ఉంటే అది తయారైన తేదీ, ‘క్కాజీ’ అని ఉంటే అప్పటివరకు వాడవచ్చని అర్థం. కొత్తగా వచ్చినవారు తయారీ తేదీని గడువనుకుని నిక్షేపంలాంటి ట్యూబును పారేస్తుంటారు. తెరిచిన మూత బొమ్మలో 12ఎం అని ఉంటే మూత తీసిన తరువాత 12 నెలలు. అయితే వసుంధర గారు చెప్పినంత రాసుకుంటే ఆ 12 నెలల సంగతి మీకు పట్టదు.