గ్లింఫాటిక్‌కి తెలుగు మాట: మురుగా, జాలా?

అనువాదకురాలు: రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మెదడులోని ద్రవం ఎటు పోతుందో ఎమ్మారైలో చూసే పరిశోధనల మీద ఓ వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘గ్లింఫాటిక్’ అన్నచోట ముందుకు సాగడం లేదు. మెదడులోని వ్యర్థాలను ద్రవం బయటికి మోసుకుపోయే ఏర్పాటుకి, 2012లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఎలుకల మెదళ్ళ మీద పనిచేసి పెట్టిన పేరిది. గ్లియా, లింఫాటిక్ రెండూ అతికించారు. గ్లియా అంటే మెదడులో నాడీకణాలకి ఆసరాగా ఉండే కణాలు, గ్రీకులో జిగురు అని అర్థం. లింఫ్‌కి మన పాఠ్యపుస్తకాల్లో శోషరసం. కలిపితే ‘జిగురు శోషరస వ్యవస్థ’. మా అమ్మకి చదివి వినిపిస్తే, “శోషొస్తే మొహాన నీళ్ళు కొట్టాలి గానీ స్కానింగులెందుకే?” అంది.

పాతనిఘంటువు: అమ్మగారిదే సరైన తీర్పు. సంస్కృతంలో శుష్ అంటే ఎండిపోవడం. అక్కణ్ణుంచి శోషణ, పీల్చుకోవడం. దాన్నుంచి శోషరసం. పుస్తకం రాసినవాళ్ళకి లెక్క సరిపోయింది, ఇళ్ళల్లో మాత్రం శోష అంటే కళ్ళు తిరిగి పడిపోవడమే. లాటిన్‌లో లింఫా అంటే తేటనీరు. తేటనీటిని తెచ్చి ఎండబెట్టామన్నమాట! నా ఓటు ‘మెదడు మురుగు కాలువ’కి.

వీధిబడి: మెదడుకి మురుగేంటండీ, ఛీ.

పాతనిఘంటువు: మురుగుని చిన్నచూపు చూడకండి. మాది డెల్టా. పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యం. అది పూడిపోతే చేను మునుగుతుంది. పైగా మురుగు అంటే కంపొక్కటే కాదు, కదలక నిలిచిపోయి చెడింది. మార్చి నెలాఖరున పేపర్లో ‘నిధులు మురిగిపోయాయి’ అని రాస్తారు చూడండి, ఆ మురుగే.

స్కాన్‌రూమ్: పదహారేళ్ళుగా ఎమ్మారై గదిలో పనిచేస్తున్నాను, ఒక మాట చెప్పనా. మురుగు సంగతి బానే ఉంది, ‘కాలువ’తోనే చిక్కు. మెదడు లోపల ఈ ద్రవానికి వేరే గొట్టమంటూ లేదు. రక్తనాళం చుట్టూ సన్నటి సందు ఉంటుంది. ఆ సందులో జారుకుంటూ లోపలికి వెళ్తుంది. గోడలో దిగేసిన పైపుకీ సిమెంటుకీ మధ్య తడి దిగినట్టు. ఆ సందు అంచున నక్షత్రాకార కణాల (ఇవీ గ్లియానే) పాదాలు పరుచుకుని ఉంటాయి. వాటి మీద ఆక్వాపోరిన్-4 అనే నీటి ద్వారాలుంటాయి.

అసలు శోషరస నాళాలు వేరు. అవి మెదడు పైన కప్పిన గట్టి పొరలో ఉన్నాయి. 2015లో ఎలుకల్లో చూపించారు. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వాళ్ళు మనుషుల్లో ఎమ్మారైతో చూశారు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. ఒకరోజు ఆ పొరలోని రక్తనాళాల్లోంచి బయటికి కారే గాడోబుట్రాల్ అనే మందు ఎక్కించారు, శోషరస నాళాలు మెరిశాయి. ఇంకోరోజు రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని లోపలే ఉండిపోయే మరో మందు ఎక్కించారు, అవి మెరవలేదు. అంటే ఆ మెరిసినవి రక్తనాళాలు కావని తేలిపోయింది. లోపలి ఆ సందునీ, పొరలోని ఈ నాళాలనీ ఒకే పేరుతో పిలిస్తే పాఠకుడు గందరగోళపడతాడు.

అనువాదకురాలు: ఆ మందుని ‘రంగు’ అనొచ్చా?

స్కాన్‌రూమ్: మా దగ్గర పేషెంట్లూ మేమూ అందరం రంగు ఎక్కించడం అనే అంటాం. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. అందులోని గాడోలినియం అనే లోహం చేరినచోట బొమ్మ తెల్లగా వెలుగుతుంది, అంతే. కాకపోతే ఓస్లోలో రింగ్‌స్టాడ్, ఐడె బృందం దాన్ని చేతి నరంలో కాదు, వెన్నులో ఎక్కించింది. ఇక్కడ ‘వెన్నులో నీరు తీశారు’ అంటామే, అదే చోట. వెంటనే బొమ్మ తీస్తే మెదడు లోపల ఏమీ కనపడదు. కొన్ని గంటలకి పైన, ముడతల్లో తెలుపు. మర్నాటికి లోపలిదాకా. 2021లో వాళ్ళే కొందరిని ఒక రాత్రంతా మేలుకోబెట్టి చూశారు. రంగు పోవడం నెమ్మదించింది, మర్నాడు పడుకున్నా ఆ లోటు తీరలేదు.

పాతనిఘంటువు: మురిగిపోయిందన్నమాట. నేను చెప్పలా!

ఎస్సారెస్పీకాలువ: మా కరీంనగర్ దిక్కు ఒక మాటుంది. కాలువ కట్ట కింది నుంచి నీళ్ళు కనపడకుండ వచ్చి పొలంల ఊరుతయి. దాన్ని జాలు అంటం. ‘పొలం జాలు పట్టింది’ అంటరు. కాలువ కాదు, కట్ట వెంట జరిగే పని. సారు చెప్పిన సందు గిదే కదా?

స్కాన్‌రూమ్: అన్నా, ఇన్నేళ్ళలో దీన్ని ఇంత బాగా చెప్పినవాళ్ళని చూడలేదు.

పాతనిఘంటువు: జాలువారడంలో ఉన్నదీ ఆ జాలే. ఒప్పుకుంటున్నాను. కానీ మీ జాలు పొలానికి చేటు కదా?

ఎస్సారెస్పీకాలువ: బయటికి పోయే తొవ్వ లేకుంటే చేటు. తొవ్వ ఉంటే ఏం కాదు.

స్కాన్‌రూమ్: జాలుకి ఇంకో సుగుణం ఉంది. ఈ ద్రవం లోపల నిజంగా పారుతుందా, ఇంకుతూ వ్యాపిస్తుందా అన్న గొడవ ఇంకా తేలలేదు. ఎలుకల్లో నిద్రలో శుద్ధి పెరుగుతుందని 2013లో చెప్పారు. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు తగ్గుతుందని చూపించారు. ‘ప్రవాహ వ్యవస్థ’ అని పేరు పెడితే గొడవని మనమే తేల్చేసినట్టు. జాలు ఎటూ మొగ్గదు. అలాగే ‘నిద్రలో మెదడుకి స్నానం’ లాంటి హెడ్డింగులు దయచేసి వద్దు. రోజుకి ఊరే ద్రవం అంతా కలిపి అర లీటరు, ఒక్కసారికి తలా వెన్నూ కలిసి ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లు.

వీధిబడి: అర లీటరుతో మా హాస్టల్లో స్నానం చేసినవాళ్ళున్నారండీ.

అనువాదకురాలు: సరే, మొదటిసారి ‘గ్లింఫాటిక్ అనే జాలు మార్గం’ అని రాసి, తర్వాతంతా జాలు మార్గం అంటాను. పొరలోని నాళాలకి శోషరస నాళాలనే ఉంచుతాను, అమ్మ ఏమన్నా సరే. ఇంకొక్కటి. ఓస్లో బొమ్మ కింద ‘ఇరవై నాలుగు గంటలకు మెదడు తెల్లబడింది’ అని రాశాను. ఓకేనా?

పాతనిఘంటువు: తెల్లబడింది బానే ఉంది. తెల్లబోయింది అని మాత్రం టైపు కానివ్వకండి.