పొగగొట్టం చివర వాల్వు పెట్టించాలా, వద్దా?

కళింగపట్నం, పడవ యజమాని:

అందరికీ నమస్కారం. మా తెరచాప పడవలో చిన్న డీజిల్ ఇంజిన్ ఉంది. గత వారం భీమిలి నుంచి వస్తూ, నైరుతి గాలి వెనకనుంచి అనుకూలంగా ఉండడంతో ఇంజిన్ ఆపి పగలంతా చాప మీదనే నడిపాము. వంశధార మొగ దగ్గర ఇంజిన్ వేస్తే వెంటనే అందుకుంది. లోపలికి వచ్చి లంగరు వేశాము. మర్నాడు ఉదయం స్టార్టర్ నొక్కితే టక్కుమని ఒక్క శబ్దం చేసి ఆగిపోయింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పాలు ఎక్కువైన టీలా ఉంది. పొగగొట్టం బయటికి తెరుచుకునే చోట బాల్ వాల్వు పెట్టించమని కొందరు, అసలు వద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

శ్రీకాకుళం, డీజిల్ మెకానిక్:

తప్పక పెట్టించండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గొట్టంలో పొగ ఒత్తిడి ఉండదు కాబట్టి, వెనకనుంచి తరుముకొచ్చే పెద్ద అల నేరుగా లోపలికి తోసుకువస్తుంది. కొంగమెడలా పైకి ఎత్తి వంచిన గొట్టం మామూలు అలను ఆపుతుంది గాని, వరసగా వచ్చే అలల్లో ప్రతిసారీ కొంచెం నీరు ఆ మెడ దాటి వాటర్‌లాక్ డబ్బాలో (పొగగొట్టం మధ్యలో నీరు నిలిచే డబ్బా) చేరుతుంది. డబ్బా నిండితే ఆ తరువాత నీటికి మిగిలిన దారి ఇంజినే.

భోగాపురం, విశ్రాంత మెరైన్ ఇంజినీరు:

వాల్వు సంగతి తరువాత. యజమాని గారూ, ముందు స్టార్టర్ మళ్లీ నొక్కకండి. ఆయిలు అలా తెల్లబడిందంటే ఇంజిన్‌లో నీరు చేరినట్టే; సిలిండర్‌లో చేరిన నీరు నలగదు కనుక పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి నీటిని బయటికి పంపి, ఆయిలు మార్చి కాసేపు నడిపి, తెల్లదనం పోయేదాకా మళ్లీ మళ్లీ మార్చండి. ఉప్పునీరు తగిలిన పిస్టన్ రింగులకు తుప్పు పట్టడానికి ఎక్కువ సమయం అక్కరలేదు, కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

ఇక కారణం. అలల వల్లే నీరు చేరి ఉంటే మొగ దగ్గరే ఇంజిన్ తిరిగేది కాదు. అది చక్కగా నడిచి, నిశ్చలమైన నీటిలో రాత్రంతా ఆగిన తరువాత మునిగిందంటే నాకు సైఫన్ మీదే, అంటే గొట్టంలో నీరు తనంతట తానే పల్లానికి పారుతూ ఉండడం మీదే అనుమానం. ఇంజిన్‌ను చల్లబరిచిన సముద్రపు నీరు ఎల్బో (పొగగొట్టం మొదట్లోని వంపు) దగ్గర పొగలో కలుస్తుంది. ఆ ఎల్బో బయటి నీటిమట్టానికి కింద గాని, దానికి మరీ దగ్గరగా గాని ఉంటే, ఇంజిన్ ఆగాక కూడా పంపు రెక్కల సందుల్లోంచి నీరు మెల్లగా వస్తూనే ఉండి డబ్బాను నింపుతుంది. మీరు బయటి చివర వాల్వు మూసినా ఈ నీరు ఆగదు. ఎల్బోకు ముందు గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి లూపుగా ఎత్తి, దాని నెత్తిన గాలిని లోపలికి వదిలి ఆ పారుదలను తెంచే యాంటీ సైఫన్ వాల్వు పెట్టడమే దీనికి మందు.

భావనపాడు, పడవ యజమాని:

నేను వాల్వు వద్దనే వాడిని. మా బంధువుల పడవలో అది తెరవడం మరిచి ఇంజిన్ వేశారు. పొగ పోయే దారి లేక ఇంజిన్ అందుకోలేదు; అందుకునేదాకా స్టార్టర్ నొక్కుతూ ఉంటే పంపు నీటిని తోడి పోస్తూనే ఉంది. చివరికి దేనికి భయపడి వాల్వు పెట్టారో అదే జరిగింది.

శ్రీకాకుళం, డీజిల్ మెకానిక్:

మరుపు మనిషిది. వాల్వు మూసినప్పుడల్లా ఇంజిన్ తాళంచెవిని దాని పిడికే కట్టేస్తే ఎవరూ మరవరు. సైఫన్ విషయంలో భోగాపురం వారి తర్కం ఒప్పుకుంటున్నాను. అయినా జూన్ మొదలు నైరుతి అలల్లో చాప మీద వచ్చే పడవకు రెండూ ఉండాలనే నా మాట.

భోగాపురం, విశ్రాంత మెరైన్ ఇంజినీరు:

ఆ షరతు మీద నాకు అభ్యంతరం లేదు. భావనపాడు వారు చెప్పినదానికి ఒక్కటి చేర్చాలి: ఇంజిన్ అందుకోకపోతే, వాల్వు ఉన్నా లేకపోయినా, నీరు లోపలికి వచ్చే కాక్ మూసి ప్రయత్నించి, అందుకున్న క్షణమే తెరవాలి.

కళింగపట్నం, పడవ యజమాని:

కొలిచి చూశాను. ఎల్బో నీటిమట్టానికి నాలుగు వేళ్లు కిందే ఉంది. యాంటీ సైఫన్ వాల్వు ఉన్నది గాని, దాని చిన్న రంధ్రం ఉప్పు గట్టిపడి పూర్తిగా మూసుకుపోయింది. సూదితో పొడిస్తే తెల్లటి పెళ్లలు రాలాయి. అది మార్చి, మూడుసార్లు ఆయిలు మార్చాక నిన్న సాయంత్రం ఇంజిన్ తిరిగింది. చివర వాల్వు ఇంకా కొనలేదు. ముందు కొంగమెడను డెక్ కిందికంటా ఎత్తించి, ఈ సారి భీమిలి నుంచి వచ్చాక వాటర్‌లాక్ డబ్బా అడుగు బిరడా విప్పి ఎంత నీరు చేరిందో కొలిచి ఇక్కడే రాస్తాను.