ఉగాది సన్మానం ఎవరికి: పతకం తెచ్చిన అమ్మాయికా, పిల్లల్ని పరిగెత్తిస్తున్న మాస్టారికా?

వర్తూరు వాసి:
బెంగళూరులో మా లేఅవుట్ తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళలో ఒకరికి శాలువా కప్పి, 50,000 రూపాయలు ఇస్తుంది. ఈసారి రెండు పేర్లు వచ్చాయి. ఒకరు జాతీయ జూనియర్ పోటీల్లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన పందొమ్మిదేళ్ళ అమ్మాయి. రెండోవారు ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. రాష్ట్రస్థాయి దాటలేదు. కానీ పదకొండేళ్ళుగా పొద్దున అయిదున్నరకల్లా చెరువు పక్క మైదానానికి వచ్చి, బిల్డింగ్ పనులకొచ్చిన కుటుంబాల పిల్లలకి పైసా తీసుకోకుండా నేర్పిస్తున్నారు.

కమిటీలో కొందరు కొత్త దరఖాస్తు తెచ్చారు. "సమాజానికి ఏం చేశారు" అని అందులో ఒక గడి, దానికి సగం మార్కులు. నేను ఒప్పుకోలేదు. ప్రకాశ్ పదుకోన్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచింది 1980లో, ఇక్కడ అకాడమీ పెట్టింది 1994లో. ఆ అకాడమీలో సాధన చేసిన మన గోపీచంద్ 2001లో గెలిచాడు, హైదరాబాద్‌లో తన అకాడమీ తెరిచింది 2008లో. 2001లో ఈ కాగితం చేతికిస్తే గోపీచంద్ ఆ గడిలో ఏం రాసేవాడు? రెండుపూటలా పరిగెత్తే పిల్లని సేవ చేశావా అని అడగడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. మీరేమంటారు?

అనంతపురం అబ్బాయి, కె.ఆర్.పురం:
గోపీచంద్ పేరెత్తినారు కాబట్టి నేనూ ఆయన్తోనే మొదలుపెడతా. గెలిచినంక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన చెయ్యమంటే, అది ఆరోగ్యానికి మంచిది కాదని వద్దన్నాడు గదా. ఆ గడిలో ఆ ఒక్క ముక్క రాసినా సాలు. మారియప్పన్ తంగవేలు సంగతేంది? 2016 రియో పారాలింపిక్స్ హైజంప్‌లో స్వర్ణం కొట్టేటప్పటికి వయసు 21. కూరగాయలమ్మిన తల్లి కొడుకు. వచ్చిన డబ్బులో 30 లక్షలు తాను సదివిన బడికిచ్చినాడు. పదుకోన్ మాదిరి పద్నాలుగేండ్లు ఆగలేదు.

నా ఓటు మాస్టారికే. పతకాన్ని చూసేదానికి ప్రభుత్వముంది. ఖేల్‌రత్నకి 25 లక్షలు, అర్జునకి 15 లక్షలు, ఇక్కడ కర్ణాటకలో ఏకలవ్య అవార్డు. తెల్లారకముందే గ్రౌండుకాడ నిలబడే మనిషిని చూసేదానికి మనం తప్ప ఎవరున్నారు?

ట్రాక్ అమ్మ, బనశంకరి:
తమ్ముడూ, మారియప్పన్‌కి తమిళనాడు ప్రభుత్వం 2 కోట్లు ప్రకటించాక అతను 30 లక్షలు ఇవ్వగలిగాడు. అతని మనసు గొప్పది, కాదనను. కానీ ఇవ్వడానికి ముందు చేతిలో ఏదో ఒకటి పడాలి కదా.

మా పాప లాంగ్ జంప్ చేస్తుంది. ప్రభుత్వం చూస్తుందన్నారు. చూసేది పైమెట్టు మీద నిలబడ్డవాళ్ళని. కింద మెట్ల మీద ఉన్న పిల్లలకి స్పైక్స్ (ముళ్ళ బూట్లు) అరిగితే కొనేది మేమే, తొడ కండరం పట్టేస్తే ఫిజియో ఫీజు కట్టేది మేమే. ఒకసారి నేషనల్స్‌కి వెళ్తూ మా టికెట్లు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయాయి. రెండు రాత్రులు బోగీ తలుపు దగ్గర బ్యాగు మీద కూర్చుని వెళ్ళాం. దిగిన మర్నాడు పొద్దున్నే పాప దూకింది. ఎప్పుడూ దూకే దూరం కూడా రాలేదు. ఆ రోజు నేను ఏడ్చింది పతకం పోయినందుకు కాదండీ, దానికి కాళ్ళు చాపుకునే చోటు ఇవ్వలేకపోయినందుకు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. చాలా సంతోషం. కానీ పారిస్ దాకా వెళ్ళేలోపు ఆగిపోయే పిల్లలు ఎంతమంది? ఈ 50,000 అలాంటి పిల్లకి ఒక సీజన్ గడిపిస్తుంది.

అనంతపురం అబ్బాయి, కె.ఆర్.పురం:
అక్కా, మీ కష్టం చదివి మనసు కలుక్కుమంది. కానీ దీప్తిని గుర్తించి ముందుకు నడిపించింది కోచ్ నాగపురి రమేష్ గదా. ఆయనట్లాంటోళ్ళు లేకపోతే ఆ కాంస్యం యాడిది? నేను మాస్టారికి అనేది అందుకే.

రిటైర్డ్ పీఈటీ, మల్లేశ్వరం:
ముప్పయ్యేళ్ళు బడి పిల్లల్ని ఆడించినవాణ్ణి. మార్కుల గడి మాత్రం పెట్టకండి. ఇంకోచోట ఇలాగే పెడితే ఒక కుర్రాడు మొక్కలు నాటిన ఫొటోల ఆల్బమ్ తెచ్చాడు. ఆ మొక్కలకి మర్నాటి నుంచి నీళ్ళు పోసినవాడు లేడు. డబ్బున్న ఇంటి పిల్లలు వారంలో ఒక రక్తదాన శిబిరం పెట్టి గడి నింపేస్తారు. కూలివాళ్ళమ్మాయి ఖాళీగా వదిలేస్తుంది. అర్జున అవార్డు నిబంధనల్లో కూడా ఆటతోపాటు నాయకత్వం, క్రీడాస్ఫూర్తి, క్రమశిక్షణ చూడమన్నారు. అవి మైదానంలోనే కనిపించే గుణాలు. మైదానంలో చూడగలిగినదాన్నే తూచండి.

అలాగని సేవ చిన్నదని అనను. మన బెంగళూరు మాలతీ హొళ్ళ గారిని చూడండి. పసితనంలోనే పోలియో. చక్రాల కుర్చీలో పరుగు పందేలు, షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్. 1995లో అర్జున, 2001లో పద్మశ్రీ. మాతృ ఫౌండేషన్ పెట్టి వైకల్యం ఉన్న పిల్లల్ని చేరదీశారు. ఆమె ఆటనీ సేవనీ ఒకే తక్కెడలో వేసి ఇది ఇంత, అది ఇంత అని ఎవరు తూస్తారు? రెండూ నిండు పనులే, దేని గౌరవం దానికే.

డబ్బు విషయంలో క్రికెట్ కోచ్‌గా రాహుల్ ద్రావిడ్ పట్టిన దారి నాకు నచ్చుతుంది. 2018లో ఆయన కోచింగ్‌లో మన కుర్రాళ్ళు అండర్-19 ప్రపంచకప్ గెలిచాక క్రికెట్ బోర్డు ఆయనకి 50 లక్షలు, సహాయక సిబ్బందికి తలా 20 లక్షలు ప్రకటించింది. ఈ తేడా ఎందుకని ఆయనే అడిగాడు. చివరికి ఆయనతో సహా అందరికీ 25 లక్షలే ఇచ్చారు. పిల్లల వెనక నిలబడ్డవాళ్ళకి తనకంటే తక్కువ రావడం ఆయనకి నచ్చలేదు. మనం ఆ అమ్మాయినీ మాస్టారినీ పోటీకి నిలబెట్టడం నాకూ నచ్చలేదు.

వర్తూరు వాసి:
పీఈటీ మాస్టారూ, గడి వద్దన్న మీ మాట కమిటీలో అలాగే చదివి వినిపిస్తాను. నా పొరపాటు కూడా ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ వాదించుకున్నాం కానీ వాళ్ళిద్దరినీ ఎవరం అడగలేదు. నిన్న వెళ్ళి అడిగాను. ఉగాది వారం నుంచి తనకి ట్రైనింగ్ క్యాంప్ ఉందని, స్టేజీ మీదికి రాలేనని అమ్మాయి చెప్పింది. కబడ్డీ మాస్టారు తనకేమీ వద్దంటారని నాలో నేనే అనుకుంటూ వెళ్ళాను. ఆయన వద్దనలేదు. "నన్ను ఇంతవరకూ ఎవరూ స్టేజీ మీదికి పిలవలేదు సార్. మా ఆవిడా పిల్లలూ చూస్తే బాగుంటుంది" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మొదటి పోస్టు మీద నాకే అంత నమ్మకం లేదు.

ట్రాక్ అమ్మ, బనశంకరి:
అయితే శాలువా ఆయనకే కప్పండి. ఇంటివాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి. అమ్మాయి డబ్బు మాత్రం ఉగాది దాకా ఆపకండి, క్యాంప్‌కి బయల్దేరేలోపు అకౌంట్లో వెయ్యండి.

అనంతపురం అబ్బాయి, కె.ఆర్.పురం:
ఆయనకి ఉత్త శాలువా అంటే నేను ఒప్పుకోను. ఆ పిల్లలకి గుడ్లు, అరటిపండ్లు, గ్రౌండులో పెట్టే కోన్లు అన్నీ ఆయన జేబులోంచే. ఇంకో 50,000 ఎత్తుదాం. నా వంతు 5,000 రాసుకోండి. ఆదివారం మీటింగుకి నేనూ వస్తా.