వైరల్ ఫీవర్ తగ్గాక అందరూ గుండె పరీక్షలు చేయించుకోవాలా?

పటమట_షటిల్:
మా షటిల్ బ్యాచ్‌లో అందరం నలభై దాటినవాళ్లమే. ఈ సీజన్‌లో సగం మందికి వైరల్ ఫీవర్ వచ్చి తగ్గింది, నాతో సహా. జ్వరం పోయింది గానీ రెండో అంతస్తు ఎక్కేసరికి గుండె దడదడలాడుతోంది. సూర్యారావుపేటలో ఒక ల్యాబ్ వాళ్లు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష), డీ-డైమర్ (రక్తం గడ్డకట్టిందేమో చూసే పరీక్ష), కొలెస్ట్రాల్ అన్నీ కలిపి ప్యాకేజీ పెట్టారు. మా ఆవిడ వెంటనే చేయించుకోమంటోంది. మా బావమరిది డబ్బు దండగ అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_4వలైన్:
చేయించుకోవాల్సిందే అన్నా. మా పెదనాన్న గారబ్బాయికి సిగరెట్ లేదు, షుగర్ లేదు, చిన్న వయసు. జ్వరం తగ్గగానే జిమ్‌కి వెళ్లి అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. గుండె కండరం వాచింది, మయోకార్డైటిస్ అన్నారు. దేవుడి దయ వల్ల బతికి బట్టకట్టాడు. ముందే ఎకో తీయించి ఉంటే తెలిసేది కదా! ప్రాణం ముందు డబ్బెంత?

సిస్టర్_గుంటూరు:
నేను ఐసీయూ నర్సుని. ఈ భయం ఉత్తిది కాదు. కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఫ్లూ అని ల్యాబ్‌లో తేలాక మొదటి వారంలో గుండెపోట్లు మామూలు రోజులకంటే సుమారు 6 రెట్లు ఎక్కువ కనిపించాయి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తనాళాల్లో వాపు పెరుగుతుంది, అప్పటికే పేరుకున్న కొవ్వు పూడిక చిట్లొచ్చు, రక్తం తొందరగా గడ్డకడుతుంది. పైగా జ్వరానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. కొవిడ్ తర్వాతైతే ముప్పు ఏడాది దాకా ఉంటోందని అమెరికా మాజీ సైనికుల రికార్డులతో చేసిన పరిశోధన 2022లో చెప్పింది.

అయినా ఇది ప్యాకేజీతో తీరేది కాదు. డీ-డైమర్ ఏ జ్వరానికైనా పెరగొచ్చు. అది చూసి కంగారుపడి సీటీ స్కాన్, దాని తర్వాత ఇంకొకటి. ఇవాళ ఎకో నార్మల్ వచ్చినంత మాత్రాన ఎల్లుండి పూడిక చిట్లదని ఎవరూ చెప్పలేరు.

మా దగ్గరికి వచ్చేవాళ్ల కథ వేరు. అరవై దాటిన పెద్దాయన, బీపీ, షుగర్, మూడు రోజులుగా జ్వరం. రాత్రి ఛాతీ పట్టేస్తే గ్యాస్ అనుకుని నిమ్మసోడా తాగి, వాము నమిలి పడుకుంటారు. తెల్లారి తీసుకొచ్చేసరికి బనియన్ ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది. ఈసీజీకి అతికించిన స్టిక్కర్లు చెమటకి ఊడి వచ్చేస్తుంటాయి. ఆ రాత్రే వచ్చి ఉంటే గుండె కండరం చాలావరకు దక్కేది. ఇంట్లో పెద్దవాళ్లకి జ్వరం ఉన్నప్పుడు గ్యాస్ అన్న మాట వింటే ముందు ఈసీజీకి తీసుకెళ్లండి.

కృష్ణలంక_వాసి:
అసలు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. కుర్రాళ్లు ఇలా ఉన్నట్టుండి పోవడం కొవిడ్ టీకాలు వేశాకే మొదలైంది.

గవర్నర్‌పేట_ఫార్మసీ:
ఆ అనుమానం మీదే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆస్పత్రులతో అధ్యయనం చేసింది, ఫలితాలు 2023లో వచ్చాయి. 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయినవాళ్ల వివరాలు చూశారు. టీకా వల్ల ముప్పు పెరగలేదు, రెండు డోసులు వేసుకున్నవాళ్లలో తక్కువగానే ఉంది. ముప్పు పెంచినవి ఏమిటంటే, గతంలో కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరడం, కుటుంబంలో హఠాన్మరణాలు, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, విపరీతంగా శ్రమపడటం. కోవిషీల్డ్‌తో రక్తం గడ్డకట్టే సమస్య అరుదుగా వచ్చిన మాట నిజమే, కానీ అది టీకా వేసుకున్న తొలి వారాల్లో కనిపించేది. ఇన్నేళ్ల తర్వాతి మరణాలన్నీ దాని ఖాతాలో వేస్తే అసలు కారణాలు వదిలేసినట్టవుతుంది.

బ్రాడీపేట_4వలైన్:
సిస్టర్ గారూ, మా తమ్ముడికి ముందు ఏ నొప్పీ లేదు. లక్షణాలు లేనివాళ్ల సంగతేంటి మరి?

సిస్టర్_గుంటూరు:
జ్వరం తగ్గగానే జిమ్‌కి వెళ్లాడన్నారు కదా, నా బాధంతా అక్కడే బాబూ. జ్వరం, ఒళ్లునొప్పులు పూర్తిగా పోయేదాకా బరువులు, పరుగు వద్దు. ఆ తర్వాత కూడా నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. మయోకార్డైటిస్ అని తేలితే మామూలుగా 3 నుంచి 6 నెలలు ఆటలు బంద్ అంటారు డాక్టర్లు.

పటమట అన్నయ్య గారూ, మెట్లెక్కితే దడ అంటున్నారు కాబట్టి మీకు లక్షణం ఉన్నట్టే. రేపే ఫిజీషియన్‌కి చూపించి ఈసీజీ తీయించుకోండి. ట్రోపోనిన్, ఎకో అవసరమైతే ఆయనే రాస్తారు. ట్రెడ్‌మిల్ టెస్ట్ మాత్రం మీ అంతట మీరు చేయించుకోకండి, గుండెలో వాపు ఉంటే అదే ప్రమాదం.

బ్రాడీపేట_4వలైన్:
డీ-డైమర్ విషయం ఒప్పుకుంటా. కానీ ఈసీజీ కూడా మనం అడిగితే తప్ప రాయట్లేదు చాలాచోట్ల. నలభై దాటినవాళ్లు అడిగి మరీ తీయించుకోవాలనే అంటా. దీనిమీద నా మాట మారదు.

సింగ్‌నగర్_రమ్య:
మా నాన్నగారికి స్టెంట్ ఉంది, రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. నిన్న డెంగీ అని తేలింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఆపేయమంటారా?

సిస్టర్_గుంటూరు:
అమ్మా, మీ అంతట మీరు ఆపొద్దు, కొనసాగించొద్దు. ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం కావచ్చు. స్టెంట్ ఎప్పుడు వేశారు, ఈ రోజు ప్లేట్‌లెట్లు ఎన్ని అన్నది చూసి కార్డియాలజిస్ట్ నిర్ణయిస్తారు, ఇప్పుడే ఫోన్ చేయండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. డెంగీలో జ్వరం దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్టెంట్ కాగితాలు, మందుల చీటీ వెంట ఉంచుకోండి.