దస్ బోట్ (1981) ఎందుకంత ఇష్టం? కొత్తగా చూసేవాళ్లకు ఏ వెర్షన్ చెప్పాలి?

పెరిస్కోప్:
యుద్ధ సినిమాల్లో నా మొదటి ఓటు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన దస్ బోట్‌కే. 1941, అట్లాంటిక్ సముద్రం, జర్మన్ సబ్‌మెరైన్ యూ-96, అందులో ఇరుక్కుని బతికే సిబ్బంది. శత్రువు చాలాసేపు కంటికి కనపడడు, చెవికి వినపడతాడంతే. పడవ ఎలా పనిచేస్తుందో ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. అయినా సగం సినిమా అయ్యేసరికి ఏ శబ్దానికి భయపడాలో మనకే తెలిసిపోతుంది. మీకు ఏ సన్నివేశం ఎందుకు నచ్చిందో వివరంగా రాయండి.

డీజిల్‌రూమ్:
నాకైతే క్రాష్ డైవ్, అంటే ప్రమాదం కనపడగానే పడవని గబగబా ముంచేయడం. "అలార్మ్!" అని అరుపు రాగానే పైన కాపలా ఉన్నవాళ్లు నిచ్చెన మెట్లు ముట్టుకోకుండా జారి దిగుతారు, మూత పడుతుంది. డీజిల్ ఇంజిన్లకు గాలి కావాలి కాబట్టి అవి ఆపి, గాలి వాల్వులు మూసి, బ్యాటరీతో నడిచే మోటార్లకు మారాలి. అప్పుడే పడవని తేల్చే ట్యాంకుల పైనున్న గాలి మూతలు (వెంట్లు) తెరుస్తారు, గాలి బయటికి, నీళ్లు లోపలికి. ఇదంతా అర నిమిషంలో అయిపోవాలి. చేతిలో పనిలేని వాళ్లంతా ముందు భాగానికి పరుగెత్తేది ఎందుకంటే, ఆ బరువుకు ముక్కు త్వరగా కిందికి వంగుతుంది. హడావిడి కోసం పెట్టిన పరుగు కాదది, నిజంగా చేసే పనే.

ఆ పరుగు వెంట కెమెరా కూడా ఉరుకుతుంది చూడండి. ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో చిన్న ఆరిఫ్లెక్స్ కెమెరాకు అది ఊగకుండా నిలబెట్టే గైరోస్కోపులు బిగించి, దెబ్బలు తగలకుండా ఒంటికి ప్యాడింగ్ కట్టుకుని, ఆ గుండ్రటి ద్వారాల్లోంచి దూరుతూ తీశారు.

విశాఖ_అల:
కొలతలు తెలిస్తే ఆ షాట్ విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. యూ-96 టైప్ 7సీ రకం: పొడవు 67 మీటర్లు, వెడల్పు 6.2. మనిషి మసిలే లోపలి గొట్టం అంతకన్నా సన్నం. మ్యూనిక్‌లోని బవేరియా స్టూడియోలో లోపలి భాగమంతా అసలు సైజులోనే కట్టి, హైడ్రాలిక్ యంత్రం మీద నిలబెట్టి 45 డిగ్రీల దాకా వంచారు. నటులు ఒరిగిపోతుంటే అది నిజంగా ఒరగడమే.

మనవాళ్లు విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం లోపల ఒకసారి నడిచి రావాలి. అది 91 మీటర్లు, అంటే యూ-96 కన్నా బాగా పొడవు. అందులోనే ఎదురుగా మనిషి వస్తే పక్కకి ఒత్తిగిలాలి. రద్దీ లేని వేళ వెళ్లి, టార్పెడో గది నుంచి కంట్రోల్ రూమ్‌కు ఆగకుండా నడవండి. ఒక్కో ద్వారం దగ్గర కాలు, తల ఏ వరసలో పెట్టాలో శరీరానికి తెలుస్తుంది.

హైడ్రోఫోన్:
నా దృష్టిలో ఈ సినిమాకు ప్రాణం శబ్దమే. సబ్‌మెరైన్లను వేటాడే యుద్ధనౌక డిస్ట్రాయర్. దాని అస్డిక్ (అప్పటి బ్రిటిష్ సోనార్, శబ్దంతో వెతికే పరికరం) వదిలే "పింగ్" పడవ గోడకు తగులుతుంది, తర్వాత నేరుగా తలమీద ప్రొపెల్లర్ల చప్పుడు. ఆ కాలపు అస్డిక్ కిరణం ముందుకు చూస్తుంది, నేరుగా కిందికి కాదు. అందుకే డిస్ట్రాయర్ బాగా దగ్గరికొచ్చాక దానికి సబ్‌మెరైన్ జాడ తప్పిపోతుంది. కెప్టెన్ చుక్కాని తిప్పాల్సింది సరిగ్గా అప్పుడే. బ్రిటిష్ వారి పాత రకం డెప్త్ ఛార్జ్ (నీళ్లలో మునిగి పేలే బాంబు) సెకనుకు సుమారు 3 మీటర్లు మునుగుతుంది. పడవ 150 మీటర్ల లోతున ఉంటే అది చేరడానికి 50 సెకన్లు. ఆ లోపు 4 నాట్ల (గంటకు ఏడున్నర కిలోమీటర్ల లోపు) వేగంతో వెళ్లినా వంద మీటర్లు తప్పుకోవచ్చు. పడవ గోడ పగలాలంటే అది ఆరేడు మీటర్ల లోపల పేలాలి. కెప్టెన్ పైకి చూస్తూ నోరు మెదపకుండా లెక్కపెట్టేది ఈ 50 సెకన్లనే అనుకుంటూ చూడండి, కుర్చీలో కదలరు.

పెరిస్కోప్:
అందుకే కెప్టెన్‌గా వేసిన యుర్గెన్ ప్రొఖ్నో నటన నాకంత ఇష్టం. కళ్లతోనే వింటాడాయన. మూల నవల రాసిన బుఖ్‌హైమ్ 1941లో యుద్ధ విలేకరిగా యూ-96లో ప్రయాణించినవాడు. ఆయనకు సినిమాలో అరుపులు, ఆవేశాలు మితిమీరాయనిపించింది. కొన్నిచోట్ల ఆ మాట నిజమే. కెప్టెన్ విషయంలో మాత్రం నేనొప్పుకోను.

డీజిల్‌రూమ్:
జిబ్రాల్టర్ జలసంధి భాగం గురించి (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). పడవ 280 మీటర్ల లోతున అడుగుకు ఆనుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 28 కిలోల పైన ఒత్తిడి. అంత లోతులో ట్యాంకుల్లో నీళ్లు బయటికి నెట్టాలంటే లోపలి గాలికి అంతకుమించిన ఒత్తిడి ఉండాలి, ఆ గాలి సీసాల్లో మిగిలింది కాస్తే. అంటే ఒక్కటే అవకాశం. అందుకే ముందు కారేచోట్లన్నీ ఆపాలి, లోపలికొచ్చిన నీళ్లు బకెట్లతో చేతులు మార్చుకుంటూ తోడాలి, పగిలిన బ్యాటరీ సెల్స్‌ని వదిలేసి మిగతావాటిని తీగతో కలపాలి. ఉప్పునీళ్లు బ్యాటరీ ఆసిడ్‌లో కలిస్తే క్లోరిన్ పుడుతుంది, అదొక గండం. పనిలేనివాళ్లని పడుకోబెట్టేది గాలి పొదుపు కోసం, నోటికి గొట్టం పెట్టించేది వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తీసేయడానికి. వీరత్వం గురించి ఒక్క డైలాగు లేదు, ఉన్నదంతా రిపేరు పనే. యుద్ధ సినిమాల్లో ఇంత గొప్ప భాగం నేనింకోటి చెప్పలేను.

నల్లతెర:
ఇక వెర్షన్ల సంగతి. 1981లో థియేటర్లకొచ్చింది 149 నిమిషాలు. 1997 డైరెక్టర్స్ కట్ 208 నిమిషాలు, శబ్దం కూడా కొత్తగా మిక్స్ చేశారు. టీవీ సీరియల్‌గా వేసింది దాదాపు 5 గంటలు. మొదటిసారికి 208 నిమిషాలదే చూడండి. 149లో ఎదురుచూపు తగ్గిపోయింది. తుపానులో వారాల తరబడి ఏమీ జరగని విసుగు పట్టకపోతే, తర్వాత వచ్చే దాడికి ఆ బలం రాదు. సీరియల్ రెండోసారికి.

భాష జర్మన్ పెట్టి సబ్‌టైటిల్స్‌తో చూడటం మేలు. షూటింగ్‌లో కెమెరా గైరోస్కోపుల చప్పుడు వల్ల మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చేసినవే. ఇంగ్లీషులోనూ చాలామంది నటులు తమ గొంతే ఇచ్చారు కాబట్టి అదీ పనికిరానిదేం కాదు.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికని కృత్రిమంగా నున్నగా చేసే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే ఆ పరుగు షాట్లు రోజువారీ టీవీ సీరియల్‌లా కనిపిస్తాయి. వెలుగునీడల తేడాని తనంతట తనే పెంచే డైనమిక్ కాంట్రాస్ట్ కూడా తీసేయండి, లేకపోతే ఎర్రలైటు సీన్లలో ముఖాలు నల్లముద్దలవుతాయి. అన్నిటికన్నా ముఖ్యం సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ ఆపేయడం. అది గుసగుసని పెంచి పేలుడుని తగ్గిస్తుంది, రెండూ ఒకే ఎత్తులో వినపడితే హైడ్రోఫోన్ గారు చెప్పిన సన్నివేశం చచ్చిపోతుంది. అర్ధరాత్రి పక్కింటివాళ్లకి ఇబ్బందనుకుంటే నైట్ మోడ్ బదులు చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

విశాఖ_అల:
ఇంట్లోవాళ్లకి 208 నిమిషాలు ఎక్కువనిపిస్తే ముందు సంకల్ప్ రెడ్డి తీసిన ఘాజీ (2017) చూపించండి. ట్యాంకులు, ట్రిమ్ (పడవని సమంగా నిలపడం), సోనార్ అన్నీ తెలుగులో అర్థమవుతాయి. వారం తర్వాత ఇది పెట్టండి.